జ్వరంలో పోయిన రోజు

సావెత్‌కు తొమ్మిదో ఏట ఒక సంఖ్య మీద పంతం పుట్టింది. పిల్లలకు పంతాలు తాటిబెల్లం మీదో, పక్కింటి మామిడికాయల మీదో పుడతాయి. ఈ పిల్లకు అంకెల మీద పుట్టింది. ఏం చేస్తాం, అచార్ ఇంట పుట్టిన పిల్ల!

తండ్రి దిమ్, సంకె నది ఒడ్డున త్నోత్ చ్రుం ఊరికి అచార్. పెళ్లికి ముహూర్తం ఆయనే పెట్టాలి, చావుకు మంత్రం ఆయనే చదవాలి. ఏప్రిల్‌లో కొత్త ఏడాది ఏ రోజు వస్తుందో కూడా ఆయనే చెప్పాలి. ఆ లెక్కకు నల్ల లక్కపూసిన పలక ఒకటి ఉండేది. దాని ముందు చాప వేసుకుని కూర్చుంటే ఇంట్లో కోడి కూడా అరవకూడదు. ఏడాది సంఖ్యను రెండు లక్షల తొంభై రెండు వేల రెండు వందల ఏడుతో గుణించాలి. మూడు వందల డెబ్భై మూడు కలపాలి. ఎనిమిది వందలతో భాగించి, శేషం వదిలేసి, వచ్చినదానికి ఇంకొకటి కలపాలి. అప్పుడు ఒక ఆరంకెల సంఖ్య తేలుతుంది. శకం మొదలైన నాటి నుంచి ఆ కొత్త ఏడాది దాకా గడిచిన రోజులు అవి. దాన్ని ఏడుతో భాగిస్తే మిగిలేది వారం చెబుతుంది. ఒకటి మిగిలితే ఆదివారం, రెండైతే సోమవారం, ఏమీ మిగలకపోతే శనివారం.

"అన్నిట్లోకీ ఈ 2,92,207 ఎందుకు నాన్నా?" అని అడిగింది సావెత్.

"ఎనిమిది వందల ఏళ్లకు సరిగ్గా అన్ని రోజులు తల్లీ. అంత పెద్ద సంఖ్య కూడా వారాల్లో ఒక్క రోజు దొంగిలిస్తుంది. ఎనిమిది వందల ఏళ్లు తిరిగేసరికి కొత్త ఏడాది ఒక్క రోజు వెనక్కి జరుగుతుంది. బుధవారం రావాల్సింది మంగళవారం వస్తుంది."

"దేంతోనైనా పోతుందా అది, శేషం లేకుండా?"

"పోదు. మా గురువుగారు చెప్పారు, అది పగలని రాయి అని. నువ్వెళ్లి బాతుల్ని తోలుకురా."

అదిగో, ఆ మాటతో పట్టుకుంది పంతం. బాతులు కాస్తూ మట్టిలో పుల్లతో గీసింది. రెండుతో పోదు. మూడుతో పోదు. ఏడుతో ఆరు మిగులుతుంది, పదమూడుతోనూ ఆరే, పంతొమ్మిదితోనూ ఆరే. దానికి ఒళ్లు మండింది. ముప్పై ఒకటితో ఒక్కటే మిగిలింది. అయ్యో, ఒక్కటి! ఆ రోజు అన్నం సరిగా తినలేదు. తల్లి వీపు మీద ఒకటి వేసింది కూడా. ఇరవై రోజుల తరవాత, మధ్యాహ్నం వేళ, పిల్ల పరుగెత్తుకుంటూ మెట్లెక్కింది.

"నాన్నా, పగిలింది! నలభై ఒకటితో పగిలింది! నలభై ఒకటి ఇంటూ ఏడు వేల నూట ఇరవై ఏడు!"

దిమ్ నమ్మలేదు. అంకెలు కూడి తొమ్మిదులు తీసేసి చూశాడు, కుదిరింది. పలక మీద గుణించి చూశాడు, కుదిరింది. రెండు రోజులు కూతురితో మాట్లాడలేదు. గురువుగారి మాటను బాతులు కాసే పిల్ల తీసి పారేస్తే ఎవరికి మాత్రం బాగుంటుంది? మూడో రోజు తనే పిలిచాడు.

"మగపిల్లాడివై పుట్టి ఉంటే ఈ పలక నీకిచ్చేవాణ్ణే."

"పుట్టలేదుగా. పలక ఇటివ్వండి, వచ్చే ఏటి లెక్క కడతాను."

ఇచ్చాడు. పదేళ్లు గడిచేసరికి లెక్కంతా ఆమెదే, ఊరికి వినిపించే గొంతు ఆయనది. ఊళ్లో ఎవరికీ తెలియదు. తెలిస్తే ఆడదాని లెక్కతో పెళ్లిళ్లా అని నవ్వేవాళ్లు. చంద్రుడి లెక్క, అధికమాసాల గొడవ మాత్రం తండ్రి ఆమెకు నేర్పలేదు. అది నేర్చుకోవడానికి నెత్తిన జుట్టు నెరవాలి అనేవాడు. నేర్పి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేదేమో.

మా శకంలో వెయ్యిన్నీ మూడు వందల ముప్పై ఏడో ఏడు, బయటి లెక్కలో 1975, ఏప్రిల్. లెక్క కడితే 4,88,352 తేలింది. ఏడుతో భాగిస్తే నాలుగు మిగిలింది, బుధవారం. ఆ బుధవారం కొత్త ఏడాది వచ్చింది. మర్నాడు, 4,88,353 గురువారం నాడు, తుపాకులతో నల్లబట్టలవాళ్లు వచ్చి దేశాన్ని పట్టుకున్నారు.

తరవాత సంగతి మా దేశంలో ఎవర్ని అడిగినా చెబుతారు, అడగనివాళ్లకు కూడా. ఊళ్లు ఖాళీ చేయించారు. పన్నెండో రోజున, మోంగ్ ఊరికి తోలుకెళ్లే దారిలో, చెట్టు కింద, దిమ్ ప్రాణం పోయింది. 4,88,365. సావెత్ మనసులో రాసుకున్న మొదటి చావు సంఖ్య అది. బడిపంతులైన మొగుణ్ణి ఆ ఏడే 'చదువుకు' రమ్మని పిలిచారు. మళ్లీ రాలేదు. ఆయనకు వెళ్లిన రోజు సంఖ్యే ఉంది, పోయిన రోజు సంఖ్య లేదు. సావెత్‌కు మిగిలింది కూతురు. పేరు పెద్దదే కానీ ఇంట్లో చిన్నది కాబట్టి పౌ అనే పిలిచేవాళ్లు.

నల్లబట్టల పాలనలో వారాలు లేవు. కొత్త ఏడాది లేదు, పితృపక్షం లేదు, అచార్లు లేరు. పది రోజులకోసారి మీటింగ్ అన్నారు గానీ అది కూడా వాళ్లకు తోచినప్పుడే. చచ్చినవాళ్లకు ఏడో రోజు లేదు, నూరో రోజు లేదు. చదువు తెలిసినవాళ్లని తెలిస్తే చంపేసేవాళ్లు. లెక్క తెలిసిన ఆడది తనకేమీ తెలియదని మూడేళ్లు నటించాలి. మీరు నటించి చూడండి, తెలుస్తుంది.

కానీ సావెత్ రోజులు పోగొట్టుకోలేదు. తెల్లవారి కళ్లు తెరవగానే, ఇంకా చాప మీదే ఉండగా, నిన్నటి సంఖ్యకు ఒకటి కలిపేది. ఊరికే కలిపితే మర్చిపోతుంది కదా, అందుకని ప్రతి రోజు సంఖ్యనూ నారు నాటుతూ నాటుతూ పగలగొట్టేది. ఇది ఏడుతో పోతుంది. ఇది పదమూడుతో పోతుంది. ఇది మొండిది, దేంతోనూ పోదు. మనుషుల్ని ముక్కుమొహాలతో గుర్తుపట్టినట్టు ఆమె రోజుల్ని గుర్తుపట్టేది. ఒకసారి పెదాలు కదులుతుంటే పని దళం నాయకురాలు రున్ చూసింది. పద్దెనిమిదేళ్ల పిల్ల, చేతిలో కర్ర.

"ఏం గొణుగుతున్నావు మిత్రా?"

"నారు కట్టలు లెక్కబెడుతున్నా మిత్రా. మీరు నలభై అన్నారు కదా."

"ఎన్నయ్యాయి?"

"ముప్పై..." అని ఆగి, "మర్చిపోయా. మళ్లీ మొదట్నుంచీ లెక్కబెట్టుకోవాలి" అంది సావెత్.

"మొద్దుమొహం" అని నవ్వుకుంటూ పోయింది రున్. ఆ పూట నుంచి సావెత్ పెదాలు కదపకుండా లెక్కబెట్టడం నేర్చుకుంది.

గోడలకు చెవులుంటాయంటారు గానీ మోంగ్ దగ్గర ఆడవాళ్లందర్నీ పడుకోబెట్టిన ఆ పొడుగు పాకకు గోడలే లేవు. అయినా ఎవరికెవరు చెప్పారో, సావెత్ రోజులు లెక్కబెడుతోందని ఆడవాళ్లకు తెలిసిపోయింది. గంజి వరసలో వెనక నిలబడి ఎవరో ఒకరు అనేవారు: "అక్కా, ఇవాళ మా అమ్మ." అంతే. సావెత్ తల ఊపేది. ఆ రోజు సంఖ్య, ఆ తల్లి పేరు, రెండూ కలిపి లోపల దాచేది. ఈ పీడ వదిలాక ఏ రోజున పోయారో చెబితే వాళ్లు ఇంటికెళ్లి కర్మ చేసుకుంటారు. ఆ దినాల్లో ఆమె ఎవరికైనా ఇవ్వగలిగింది అదొక్కటే.

పాకలో ఆమె పక్క చాప ముయ్ హేంగ్‌ది. రాజధాని నాంపెన్ బజార్లో నూడుల్స్ అమ్మిన చీనా మనిషి, యాభై దాటింది. నోరు గట్టిది, చెయ్యి మెత్తనిది. కూయ్ అని ఒక్క కొడుకు, కాలవ తవ్వే దళంలో ఉండేవాడు. పౌకు కథలు చెప్పి నిద్రపుచ్చేది, కథలన్నిట్లోనూ నూడుల్సే. రాజకుమారుడు కూడా నూడుల్స్ తినే పెళ్లికి బయల్దేరేవాడు.

మూడో ఏడు వానల్లో సావెత్‌కు చలిజ్వరం పట్టుకుంది. 4,89,230. ఏడుతో శేషం లేకుండా పోయే రోజు, శనివారం. ఆ సాయంత్రం గట్టు మీద కూలబడిన సంగతి గుర్తుంది. పౌ చిన్న చేతుల్తో నుదుటి మీద తడిగుడ్డ వేసిన సంగతి గుర్తుంది. ఆ పిల్లకు అప్పటికే పది రోజులుగా జిగట విరేచనాలు. ఇక తరవాత అంతా మసక. గుర్తున్నవి రెండే: గొంతులోంచి ఉప్పగా దిగిన గంజి, పక్కన పిల్ల ఒళ్లు చల్లగా తగలడం. దానికి జ్వరం లేదు, హమ్మయ్య అనుకుంది.

కళ్లు తెరిచేసరికి పక్కన ఎవరూ లేరు. చాప కూడా లేదు.

"పౌ ఏది?"

ముయ్ హేంగ్ మొహం తిప్పుకుంది. "నిన్న పోయిందమ్మా. తీసుకెళ్లి కాలవ అవతల పూడ్చారు. నీకు ఒళ్లు తెలీదు."

"నేను ఎన్ని రాత్రులు పడుకున్నాను?"

ముయ్ హేంగ్ తన చాప అంచు సర్దుతూ "రెండు" అంది.

ఆ ఘడియలో ఏ తల్లి అయినా గుండెలు బాదుకుంటుంది. సావెత్ బాదుకోలేదు, ఏడిస్తే అదొక నేరం. ఆమె లెక్కబెట్టింది. రెండు రాత్రులు, అయితే ఇవాళ 4,89,232. నిన్న 4,89,231. పౌ సంఖ్య అది. తొమ్మిదులు తీసేసి చూసింది, అలవాటు కొద్దీ. నాలుగు, ఎనిమిది, తొమ్మిది, రెండు, మూడు, ఒకటి. అన్నీ కలిపితే ఇరవై ఏడు, తొమ్మిదులు తీస్తే ఏమీ మిగల్లేదు. తన కూతురి రోజు తొమ్మిదితో శేషం లేకుండా పోయే రోజు కావడం ఆమెకు తట్టుకోలేనంత కోపం తెప్పించింది. ఒక్కటి మిగిలితే ఏం పోయింది? అని సంఖ్యను తిట్టింది, లోపల్లోపలే.

ఆ రోజు నుంచి ఒక పురుగు దొలిచింది. రెండేనా? చంద్రుణ్ణి చూద్దామంటే మబ్బులు. మబ్బు విడిచాక చూస్తే పున్నమి ఒక రోజు అటో ఇటో అనిపించింది. కానీ పద్నాలుగో పదిహేనో కంటితో ఎవరు తేల్చగలరు? రెండుసార్లు ముయ్ హేంగ్‌ను అడిగింది. మొదటిసారి "రెండన్నానుగా" అంది. రెండోసారి, "నీ లెక్కలు తగలెయ్య! బతికుంటే బలుసాకు తినొచ్చు, ముందు నాలుగు మెతుకులు తిను" అని కసిరింది. సావెత్ ఇక అడగలేదు. రెండే అని నడిచింది. దాని మీద ఒకటి, దాని మీద ఒకటి కలుపుకుంటూ పోయింది. జ్వరానికి ముందు తొమ్మిది మంది చనిపోయిన రోజులు ఆమె దగ్గర ఉన్నాయి. తరవాత పదిహేడు మంది చేరారు. వాళ్లలో ముయ్ హేంగ్ కొడుకు కూయ్ ఒకడు. 4,89,407, సోమవారం. అవేళ ముయ్ హేంగ్ గంజి వరసలో వెనక నిలబడి చెప్పలేదు. ముందుకొచ్చి సావెత్ చెయ్యి పట్టుకుంది.

ఒక రోజు తప్పితే పదిహేడు మందికీ తప్పుతుంది. పౌకు కూడా. సావెత్‌కు రాత్రింబగళ్లు ఇదే భయం.

మూడేళ్ల ఎనిమిది నెలల మీద ఇరవై రోజులకు ఆ పీడ కూలింది. నల్లబట్టలవాళ్లు పారిపోయారు. జనం రోడ్ల మీదకు వచ్చి ఎవరి ఊరివైపు వాళ్లు నడవడం మొదలుపెట్టారు, ఎముకలకు గళ్ల తువ్వాళ్లు చుట్టుకుని. సావెత్, ముయ్ హేంగ్ కలిసి బయల్దేరారు. ముయ్ హేంగ్‌కు వెళ్లడానికి మనుషులే లేరు. "నీతో వస్తా. మీ ఊళ్లో నూడుల్స్ తింటారా?" అంది. "బియ్యం దొరికితే తింటాం" అంది సావెత్. ఒక పాలడబ్బాడు బియ్యం ఇస్తే ఏదైనా దొరికే రోజులవి. వాళ్ల దగ్గర రెండు డబ్బాలున్నాయి, అదే ఆస్తి.

రెండు వారాలు నడిచారు. దారిలో ఎవర్నైనా ఇవాళేం వారం అని అడగొచ్చు. సావెత్ అడగలేదు. మూడేళ్లు మోసిన కుండ ఇంటి గడప దగ్గర పగిలితే? ఆ భయంతో నోరు రాలేదు.

ఒక పూట చింతచెట్టు నీడలో కూర్చుని గంజి కాస్తుంటే సైకిలు మీద ఒకడు వచ్చాడు. హ్యాండిల్‌కు రేడియో వేలాడుతోంది. రాజుగారి ఏనుగెక్కినంత దర్జాగా ఉన్నాడు.

ముయ్ హేంగ్ మోచేత్తో పొడిచింది. "అడుగు."

"వద్దు."

"నీ లెక్కకు ఇవాళేం వారం?"

"శనివారం."

"ఓ అన్నా! రేడియో అన్నా! ఇవాళ శనివారమేనా?" అని ముయ్ హేంగ్ గట్టిగా కేకేసింది.

వాడు కాలు కింద పెట్టి ఆగాడు. "ఆదివారం తల్లీ."

సావెత్ లేచి నిలబడింది. "సరిగ్గా విన్నావా తమ్ముడూ?"

"నేను వినేదేముంది, వాళ్లు చెప్పేదే. పొద్దున ఆదివారం అన్నారు. నీకు శనివారమే కావాలంటే ఆరు రోజులు ఆగు, వస్తుంది." నవ్వుకుంటూ తొక్కుకుపోయాడు.

సావెత్ కూర్చుంది. తన సంఖ్య 4,89,727. ఏడుతో శేషం సున్నా, శనివారం. లోకం సంఖ్య 4,89,728. తనది ఒక్క రోజు తక్కువ.

"ఒక రోజే కదా! నిండా మునిగినవాడికి చలేంటి? మూడేళ్లు పోయాయి, మొగుడు పోయాడు, పిల్ల పోయింది, నా కూయ్ పోయాడు. ఒక రోజుకు ఏడుస్తావేం?" అంది ముయ్ హేంగ్.

సావెత్ ఏడవడం లేదు. బాతులు కాసిన నాటి ఓపికతో వెతుకుతోంది. కాలవ దగ్గర మూడు రోజులు నిద్ర లేకుండా పనిచేసినప్పుడు పోయిందా? కాదు, అప్పుడు పొద్దు పొడవడం మూడుసార్లు చూసింది. రున్ కొట్టినప్పుడా? కాదు, తెలివి తప్పలేదు. వరద వచ్చినప్పుడా? కాదు. ఒక్కొక్కటీ తీసేసుకుంటూ వచ్చింది. చివరికి మిగిలింది జ్వరం. లెక్కబెట్టింది తను కాదు, వేరే మనిషి చెబితే కలుపుకున్న రోజులు అవొక్కటే.

"అక్కా. రెండు రాత్రులా, మూడా?"

ముయ్ హేంగ్ గంజి కలుపుతోంది. ఆ గరిటె ఆగింది.

"అక్కా."

"మూడు."

చింతాకు రాలి గంజిలో పడింది. ఇద్దరిలో ఎవరూ తియ్యలేదు.

"మరి రెండని ఎందుకు చెప్పావు?"

"చెప్పాలనుకుని చెప్పలేదే. నువ్వు కళ్లు తెరిచి ఎన్ని రాత్రులని అడిగావు. ఆ మధ్య రోజు అసలు లేకుండా ఉంటే ఎంత బాగుండు అనుకుంటూ కూర్చున్నా అప్పటికి. నోట్లోంచి రెండు అని వచ్చేసింది. వచ్చాక ఇక వెనక్కి తీసుకోలేకపోయా."

"ఏం జరిగింది ఆ మధ్య రోజున?"

ముయ్ హేంగ్ గరిటె కింద పెట్టింది. తరవాత నేల చూస్తూ చెప్పింది. "మొదటి రాత్రి గడిచి తెల్లారుతుంటే పోయింది నీ పౌ. నా ఒళ్లోనే పోయింది. చెబితే వెంటనే తీసుకెళ్లిపోతారు, దాని సగం గరిటె ఆగిపోతుంది. నీది కూడా సగమే, జ్వరమొచ్చినదానివి కదా. ఆ సగంతో నువ్వు నిలవవని నాకు తెలుసు. అందుకని దానికి దుప్పటి కప్పి నీ పక్కన పడుకోబెట్టా. నిద్రపోతోందని చెప్పి దాని గిన్నె కూడా పట్టుకెళ్లా. రెండు పూటలా దాని వాటా తెచ్చి నీ గొంతులో పోశా. మర్నాటి పొద్దున చెప్పా పోయిందని. అప్పుడు తీసుకెళ్లారు. ఆ మర్నాడు నువ్వు కళ్లు తెరిచావు."

ఒళ్లు చల్లగా తగిలింది. జ్వరం లేదు, హమ్మయ్య అనుకుంది. పౌ ఒక పగలూ ఒక రాత్రీ తన పక్కనే పడుకుంది, అట్లా. తను దాని వాటా తాగింది. ఉప్పగా ఉంది, బాగుంది అనుకుంది కూడా. ఛీ, అనుకుంది సావెత్. చెట్టు వెనక్కి వెళ్లి కక్కుకుంది.

తిరిగి వచ్చి తన పాలడబ్బా తీసుకుంది. రెండోది ముయ్ హేంగ్ ముందు పెట్టింది. నడిచి వెళ్లిపోయింది. ముయ్ హేంగ్ లేచి వెనకే వచ్చింది, నూరడుగుల దూరంలో. సావెత్ ఆగితే ఆమె ఆగింది. ఊరు వచ్చేదాకా అట్లాగే నడిచారు.

త్నోత్ చ్రుంలో ఇల్లు లేదు, పలక లేదు. గుడికి గోడలు మాత్రం నిలిచాయి. నూట ఎనభై గడపల్లో తిరిగి వచ్చింది డెబ్భై. వాళ్లలో ఒక్క అచార్ లేడు, ఒక్క భిక్షువు లేడు. ముయ్ హేంగ్ ఊరి చివర తాటాకుల కింద చేరింది. సావెత్ ఆమెను చూసీ చూడనట్టు పోయేది. తప్పు ఎవరిదో తేల్చడానికి సావెత్ రోజూ కూర్చునేది, రోజూ తేలేది కాదు. ఆ గంజి లేకపోతే తను బతికేది కాదు, అది లెక్క. ఆ గంజి పౌది, అదీ లెక్కే. ఈ రెండూ కలిపితే ఏమొస్తుందో తండ్రి నేర్పలేదు.

ఏప్రిల్ వచ్చింది. నాలుగేళ్ల తరవాత మొదటి కొత్త ఏడాది. ఏ రోజో చెప్పే మగవాడు లేడు. సావెత్ బొగ్గుముక్క తీసుకుని గుడి గోడ దగ్గర నిలబడింది. ఊరంతా చూస్తుండగా 1341 వేసి, 2,92,207తో గుణించింది.

"ఆడది లెక్క కడితే కొత్త ఏడాది దేవత దిగుతుందా?" అని ఒక ముసలాయన సణిగాడు.

"నువ్వు కట్టు తాతా, నీకు వస్తే. దేవతను ఆగమని చెబుతాను" అంది సావెత్. జనం నవ్వారు. ఎన్నేళ్ల తరవాత నవ్వారో.

4,89,813 తేలింది. రెండు మిగిలింది, సోమవారం. రేడియో కూడా సోమవారమే అంది. ఆ తరవాత ముప్పై ఏళ్లు ఆ ఊరికి లెక్క ఆమెదే, గొంతు కూడా ఆమెదే.

పోయినవాళ్లందరికీ కలిపి ఆ సోమవారం నాడే పుణ్యం వదలాలని అనుకున్నారు. పక్క జిల్లా నుంచి ఒక ముసలి భిక్షువును బండి మీద తెచ్చారు. సావెత్ గుడి గోడ మీద పేర్లు, పక్కన సంఖ్యలు రాసింది. మోంగ్ పాకలో ఉన్నవాళ్లలో ఇటువైపు ఊళ్లవాళ్లు కబురందుకుని నడిచి వచ్చారు. వరసలో ఒక్కొక్కరికీ చెప్పింది. జ్వరానికి ముందువాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పింది. తరవాతివాళ్ల దగ్గర చేతులు జోడించి, "నా లెక్కలో ఒక రోజు తప్పింది, క్షమించండి. మీ అమ్మది గురువారం కాదు, శుక్రవారం" అంది. ఒకామె ఆ మాటకు నేల మీద కూలబడి, "తెలిసింది చాలమ్మా, తెలిసింది చాలు" అంటూ ఏడ్చింది.

వరస చివర ముయ్ హేంగ్ ఉంది.

"కూయ్" అంది నెమ్మదిగా.

"4,89,408. సోమవారం కాదు, మంగళవారం" అని సావెత్ గోడ మీద రాసింది.

ముయ్ హేంగ్ కదల్లేదు. వెనక ఎవరూ లేరు కదా, కదలాల్సిన పని లేదు. గోడ మీద ఇంకా సంఖ్య వెయ్యని పేరు ఒకటి ఉంది. పౌ అని రాసి, పక్కన ఖాళీ వదిలింది సావెత్. మూడు నెలలుగా ఆ సంఖ్య వైపు చూడలేకపోతోంది. అందరికీ ఒకటి కలిపినట్టు దీనికీ కలపాలా? కలపక్కర్లేదు. ముయ్ హేంగ్ మాటతో లెక్కలోంచి జారిన రోజు పౌ పోయాక జారింది, ముందు కాదు. మొదటి రాత్రి గడిచిన తెల్లవారుజామంటే 4,89,231, ఆదివారం. ఇరవై ఏడు మందిలో అబద్ధం మీద కట్టినా నిలిచిన సంఖ్య అదొక్కటే.

"సావెత్" అంది ముయ్ హేంగ్. "ఇంకొకటి ఉంది. చెప్పకపోతే నాకు ఈ గుళ్లో నిలబడే అర్హత లేదు. రెండు పూటలా నీ గొంతులో పోశానన్నది అబద్ధం. పొద్దుటిదే నీకు పోశా. సాయంత్రంది నేను తాగాను."

చెప్పి, దెబ్బకు సిద్ధపడ్డ మనిషిలా నిలబడింది. సావెత్‌కు ఆమెను తిట్టాలనుంది. ఎన్నో మాటలు నోటి దాకా వచ్చాయి. ఏ పూట గంజి ఎవరు తాగితేనేం, పౌ తాగలేదు. పౌకు ఆ రోజున ఆకలి లేదు. ఆ రోజంతా దాని పక్కన మేలుకుని కూర్చున్నది ఎవరు? తను కాదు. తనకు ఒళ్లు తెలియదు. దుప్పటి సరిచేసిందీ, ఈగలు తోలిందీ, ఎవరైనా చూస్తారేమోనని వణికిందీ ఈ మనిషే.

సావెత్ బొగ్గుముక్క ఆమె చేతిలో పెట్టింది.

"నేనా?" అంది ముయ్ హేంగ్.

"ఆ రోజు నేను లేనక్కా. ఉన్నది నువ్వే. నువ్వే రాయి."

నూడుల్స్ కొట్టు లెక్కలు ఇరవై ఏళ్లు రాసిన చెయ్యి అది. అయినా నాలుగు వేయడానికే రెండుసార్లు ప్రయత్నించింది. ఎనిమిది వంకరగా వచ్చింది. ఒక్కో అంకె సావెత్ చెబుతుంటే ఆమె రాసింది. చివరి ఒకటి వేశాక నుదురు గోడకు ఆనించి, పౌ, పౌ అని గట్టిగా ఏడ్చింది.

సావెత్ ఆమె చెయ్యి పట్టుకుని చాప దగ్గరికి నడిపించింది. ఇద్దరూ కూర్చున్నారు. భిక్షువు మొదటి పేరు చదివాడు.